బాపు కాలి మీద నిశాని

నా ఎడమ కాలి మీద, మడమకు జానెడు పైన, ఒక కుర్ర డాక్టరు బాల్‌పెన్నుతో చుట్టూ గీత గీశాడు. ఉద్యోగమంతా తెలుగు బడిలో పాఠాలు చెప్పి, పిల్లల నోటుబుక్కుల్లో ఎర్రసిరాతో అడ్డగీతలు కొట్టిన నా మీదే ఒకరు గీత గీయడం ఇదే మొదలు. కారణం చెప్పుకోవడానికి కొంచెం సిగ్గే. పోయిన వానలకు అక్కల్‌కోట్ రోడ్డు నుంచి నీలం నగర్‌లో మా గల్లీ దాకా నీళ్ళు నిలిచాయి. వాటిలో వాననీళ్ళెన్నో గటార్ మురుగునీళ్ళెన్నో వేరు చేసి చెప్పగల మొనగాడు షోలాపూర్‌లో ఇంకా పుట్టలేదు. సరిగ్గా ఆ పూటే నాకు కొత్తిమీర కావాల్సి వచ్చింది. కొత్తిమీర లేని పప్పు తింటే వంశం పరువు పోతుందన్నట్టు, పగిలిన మడమలతో పిక్కల లోతు నీళ్ళలోకి దిగాను. కొత్తిమీర దొరికింది. మడమ పగులుకు కూడా ఏదో దొరికింది, అది ఏమిటో తర్వాత తెలిసింది.

మరునాటికి మడమ సలపడం మొదలైంది. నేను చదువుకున్నదాన్ని కనుక మూఢనమ్మకాల జోలికి పోలేదు. శాస్త్రీయంగా ముందు పసుపు పెట్టాను. తర్వాత రిటైరైన టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాశాడని టూత్‌పేస్టు పూశాను. ఆయన భూగోళం చెప్పేవాడు. పాదం కూడా భూమి మీదే ఆనుతుంది కాబట్టి ఆయన మాటకు విలువ ఇచ్చాను. అదీ పని చేయకపోతే పక్కింటామె తన పంటినొప్పికి వాడగా మిగిలిన బిళ్ళలు రెండు ఇస్తే మింగాను. నాకు చక్కెర జబ్బు ఉందన్న సంగతి ఈ వైద్యుల్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చివరికి కాలు ఎర్రగా, నున్నగా వాచి, చెయ్యి పెడితే కాలిపోతూ, చలిజ్వరం కూడా వచ్చాక గానీ దవాఖానకు దారి గుర్తుకు రాలేదు. డాక్టరు చూసి, పగులులోంచి మురుగునీటి క్రిములు లోపలికి పోయాయని, చర్మం కింద పాకుతున్నాయని చెప్పాడు. ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ గీత గీసి, రేపటికి ఇది దాటిందా లేదా చూద్దాం మేడం అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మంచం ఊగేంత నవ్వు. జ్వరం తలకెక్కిందేమోనని పాపం ఆ అబ్బాయి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. అది జ్వరం కాదు, మా బాపమ్మ అని అతనికి ఎలా చెప్పడం?

మేం నాన్నను బాపు అనేవాళ్ళం. బాపుకు అమ్మ కనుక ఆమె బాపమ్మ. సిరిసిల్ల దగ్గరి ఒక పల్లె నుంచి పెళ్ళికూతురుగా షోలాపూర్ వచ్చి, ఈ ఊరి మరాఠీని ఏనాడూ మరాఠీగా ఒప్పుకోకుండా, అందరితో తెలుగులోనే పోట్లాడి గెలిచిన మనిషి. జోడ్‌భావి పేట్‌లో మా ఇల్లు అనేది నిజానికి మా ఇల్లు కాదు, రెండు మరమగ్గాల ఇల్లు. మేం వాటి దగ్గర తలదాచుకున్నవాళ్ళం. వీధి వైపు గాలీ వెలుతురూ వచ్చే పెద్ద గది వాటిది. వెనక కిటికీ లేని గదీ, వంటకు చాపెడు జాగా మావి. పొద్దున ఛాయ్ తాగి బాపు స్విచ్చి వేస్తే మళ్ళీ చీకటి పడ్డాకే ఆ చప్పుడు ఆగేది. ఆ ఇంట్లో గుసగుస అనేది ఎవరికీ తెలియదు. రహస్యాలు కూడా అరిచి చెప్పుకునేవాళ్ళం, అయినా పక్కవాడికి వినపడేవి కావు. నా గొంతుకు క్లాసులో మైకు అవసరం లేదని తోటి టీచర్లు మెచ్చుకునేవాళ్ళు. అది మగ్గాలు పెట్టిన భిక్ష.

రెండు గదుల మధ్య గడప మీద అమ్మ కూర్చునేది, ఒళ్ళో చాట, చాటలో పొగాకు, పక్కన తడి గోనెసంచిలో చుట్టిన తునికాకు. చేతులు బీడీలు చుడుతుంటే కళ్ళు ఒకసారి పొయ్యి మీదికి, ఒకసారి మగ్గాల వైపు పోయేవి. గోడవారగా బాపమ్మ రాట్నం ముందు కండెలు చుట్టేది. తడి ఆకు వాసన, పొగాకు ఘాటు, మగ్గాల నూనె, నూలుకు పట్టించిన గంజి పులుపు, వీటన్నిటి మధ్య ఎక్కడో పప్పు పోపు. ఈ మధ్య మా వీధిలో సువాసనల అగరొత్తుల దుకాణం పెట్టారు. లోపలికి పోతే నాకు తల తిరుగుతుంది. నా ముక్కు ఆ పాత వాసనలకే అలవాటు పడిపోయింది.

వీధి పైచివర నూలుకు రంగులు అద్దే కార్ఖానా ఉండేది. దాని నీళ్ళు మా గడప ముందరి గటార్‌లోంచే పోయేవి, ఒకనాడు ఎరుపు, ఒకనాడు నీలం, ఒకనాడు ఊదా. బజారులో ఏ రంగు చద్దర్లు, అంటే మేం నేసే దుప్పట్లు, నడుస్తున్నాయో మా గల్లీ చంటిపిల్లలు కూడా గటార్ చూసి చెప్పేవాళ్ళు. వానాకాలంలో ఆ రంగులు మొహమాటం లేకుండా గడప దాటి మగ్గాల కిందికి వచ్చేవి. బాపు ఆ నీళ్ళలోనే చెప్పుల్లేకుండా నిలబడి నేసేవాడు. మగ్గం దగ్గర చెప్పులు వేసుకోవడం మహాపాపం, ఎందుకంటే మగ్గం దేవుడు. దేవుడి కాళ్ళ కింద మురుగు పారవచ్చు గానీ భక్తుడి కాళ్ళకు చెప్పులు ఉండకూడదు.

ఇంత పరిశుభ్రమైన చోట దెబ్బలకు కొదవ లేదు కనుక మందులకూ కొదవ ఉండేది కాదు. ఆకు కత్తిరించేటప్పుడు అమ్మ వేలు తెగితే చాటలోని పొగాకు చిటికెడు అద్దేది. అది చిన్న వైద్యం. మగ్గం దెబ్బలకు మాత్రం బాపమ్మే పెద్ద డాక్టరు. ఆమె లెక్కలో మగ్గం ఊరికే కరవదు. మన వల్ల ఏదో లోటు జరిగితేనే కరుస్తుంది. కాబట్టి ముందు దానికి నుదురు ఆనించి తప్పయిందని మొక్కాలి. తర్వాత ఆ మగ్గం ఇరుసు మీదే పేరుకున్న నల్లటి గ్రీజును వేలితో తీసి గాయానికి పూయాలి. దాని మీద ఆ మగ్గం కిందే పడ్డ నూలు పొట్టు అంటించి గుడ్డ కట్టాలి. పక్క మగ్గం గ్రీజు పూస్తే కరిచిన మగ్గం మరింత చిన్నబుచ్చుకుంటుంది. ఒకసారి బాపు తొందరలో కుడి మగ్గం దెబ్బకు ఎడమ మగ్గం గ్రీజు రాసుకుంటే బాపమ్మ కడిగించి మళ్ళీ పూయించింది. కడగడానికి నీళ్ళు ఎక్కడివని అడక్కండి.

ఆ వానాకాలం ఏదో పెళ్ళిళ్ళ కోసం మాకు నూలిచ్చి నేయించుకునే శేటు చద్దర్లు తొందర పెట్టాడు. బాపు రెండు మగ్గాల నడుమ నిలబడి, ఒకదానికి వీపు పెట్టి ఇంకోదాన్ని చూస్తూ నేసేవాడు. పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెను మా దగ్గర ధోటా అంటారు, రెండు చివరలా ఉక్కు మొన ఉన్న చెక్కముక్క. వెనక మగ్గంలోంచి ధోటా దారి తప్పి ఎగిరి వచ్చి బాపు కుడి పిక్కలో దిగింది. బాపు అరిచినట్టున్నాడు, మాకు వినపడలేదు. ఆయన వంగి దాన్ని పీకి, మగ్గానికి నుదురు ఆనించి మొక్కి, గ్రీజు పూసుకుని, పొట్టు అంటించుకుని, గుడ్డ కట్టుకుని మళ్ళీ నీళ్ళలో నిలబడ్డాడు. ఆ రోజు గటార్ ఊదా రంగు. ధోటాను మాత్రం జాగ్రత్తగా పొడిగుడ్డతో తుడిచి చూసుకున్నాడు, మొన వంగలేదు కదా అని.

మరుసటి రోజు సాయంత్రానికి ఆ కాలు ఎర్రబడింది. గుడ్డ విప్పితే గాయం చిన్నదే, దాని చుట్టూ చర్మం మాత్రం నిగనిగలాడుతూ వేడెక్కి ఉంది. బాపమ్మ ముట్టుకోకుండానే తేల్చి చెప్పింది.

"సర్పి లేచింది. ఇది పాము తీరు తిరుగుతది. తలా తోకా కలిసినయంటే మనిషి దక్కడు."

సర్పికి వాళ్ళ ఊళ్ళో మందు ఉంది. కుమ్మరాయన వచ్చి జాజు అనే ఎర్రమట్టిని నీళ్ళలో కలిపి, ఎరుపు చుట్టూ గీత గీస్తాడు. ఆ గీత సర్పికి కట్టడి, దాటి పోలేదు. షోలాపూర్‌లో ఆ విద్య తెలిసిన కుమ్మరి దొరకలేదు. బాపమ్మ ఎవరి అనుమతీ అడక్కుండా ఆ పదవి తనే తీసుకుంది. అగ్గిపుల్లకు దూది చుట్టి, జాజులో ముంచి, ఏదో గొణుక్కుంటూ బాపు పిక్క చుట్టూ ఎర్రటి వలయం గీసింది. మరునాడు పొద్దున చూస్తే ఎరుపు గీత అవతలికి వచ్చి కూర్చుంది. బాపమ్మ ఏమీ చలించలేదు. తడిగుడ్డతో పాత గీతను శుభ్రంగా తుడిచేసి, ఎరుపుకు రెండు వేళ్ళు పైన కొత్త గీత గీసింది.

"బాపమ్మా, దాటింది గదా?" అన్నాను నేను.

"ఏడ దాటింది? నిన్న నేనే జర లోపటికి గీసిన. ఉగీచ్ ఊకె నోరు పెట్టకు" అంది.

అంత గట్టి వైద్యం నేను మళ్ళీ చూడలేదు. రోగం ఎప్పుడు చూసినా గీత లోపలే ఉండేది, కాలే పైకి పైకి తరిగిపోతూ వచ్చింది. గల్లీ ఆడవాళ్ళు వచ్చి చూసి, గీత లోపలే ఉందమ్మా, బరోబర్ ఉందమ్మా అని మెచ్చుకుని పోయేవాళ్ళు. ఒకామె వాళ్ళ మరిది వీపు మీది సర్పికి కూడా వచ్చి గీయమని పిలిచింది. బాపమ్మ ఆ కాలు చల్లబడ్డాక వస్తానని చెప్పి పంపింది.

అత్తమ్మ ముందు నోరెత్తే అలవాటు అమ్మకు లేదు, పైగా మగ్గాల చప్పుడులో ఎత్తినా లాభం లేదు. ఆమె తనకు తెలిసిన పని ఒకటి చేసింది. మగ్గానికి ఎక్కించే పడుగు మీద ఒక్కో చద్దర్ పొడుగు అయ్యే చోట ఊదా రంగుతో ఒక గుర్తు పెడతారు, దాన్ని నిశాని అంటారు. నేస్తూ నేస్తూ నిశాని దగ్గరికి వస్తే ఒక చద్దర్ అయినట్టు. ఎంత నేశాం, పడుగు ఇంకెంత మిగిలింది అన్నది మా ఇళ్ళలో ఎవరూ నోటితో అడగరు, నిశాని చూసుకుంటారు. ఆ రంగు నీళ్ళకు పోదు. బాపమ్మ స్నానానికి లేచినప్పుడు అమ్మ ఆ సీసా తెచ్చి, ఎరుపు ఆగిన చోట, మోకాలి వైపు ఒక చిన్న నిశాని పెట్టింది.

"ఏందే, నన్ను గూడ చద్దర్ చేస్తున్నవా?" అన్నాడు బాపు. అప్పటికి ఆయనకు నవ్వే ఓపిక ఉంది.

"చెయ్యనీ. దినానికి ఎంత నేస్తుందో చూడాలె గదా."

"ఎవలు నేసేది?"

"నీ కాలుల కూసున్నది" అంది అమ్మ.

బాపమ్మ వచ్చి ఆ మచ్చ చూసి తడిగుడ్డతో రుద్దింది. పోలేదు. తన గీతకు అడ్డం వస్తుందని కాసేపు సణిగి ఊరుకుంది. మర్నాడు ఎరుపు అమ్మ నిశానికి నాలుగు వేళ్ళు పైన ఉంది. అమ్మ అక్కడ ఇంకోటి పెట్టింది. ఆ తర్వాతి పొద్దున ఎరుపు ఆ రెండోదాన్ని కూడా వెనక్కి వదిలేసి మోకాలు ఎక్కింది. బాపు దుప్పట్లు కప్పినా వణుకుతున్నాడు. నన్ను చూసి చిన్నప్పుడే చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచాడు. పళ్ళు టకటక కొట్టుకుంటూనే, మగ్గం దగ్గరికి పోవాలి, చద్దర్లు ఆగుతాయి అని లేవబోతున్నాడు. ఆ ఒక్క తెలివి మాత్రం ఆయనకు పోలేదు. శేటు మాకోసం ముందు రోజే ఒక కూలి నేతగాణ్ణి పంపాడు కనుక మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి.

నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ పొద్దున నాకు చాలా భయమేసింది. బాపు నన్ను గుర్తుపట్టకపోవడం అదే మొదలు. నేను మూలకు నిలబడి పైట చెంగు నోట్లో కుక్కుకుని చూస్తున్నాను. అమ్మ బాపు కాలి పక్కన కూర్చుని, మొదటి నిశాని నుంచి రెండోదానికి వేళ్ళు పెట్టి కొలిచింది. రెండోదాని నుంచి ఎరుపు దాకా చెయ్యి చాపితే జానెడు నిండింది. లేచి ముందు గదిలోకి పోయింది. గోడకున్న మెయిన్ స్విచ్చి కిందికి లాగింది.

నేను పుట్టాక ఆ ఇంట్లో పగటిపూట నిశ్శబ్దం వినడం అదే మొదటిసారి. చెవులు దిబ్బళ్ళు పడ్డట్టయింది. బయట గటార్ పారే చప్పుడు కూడా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. మా గల్లీలో పనిరోజున రెండు మగ్గాలూ ఆగాయంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే లెక్క. క్షణంలో వాకిలి నిండా జనం. ఒకామె ఏడుపు కూడా అందుకుంది. "ఎవలు పోయిండ్రు, ముసలమ్మనా?" అని ఎవరో అడిగారు. ముసలమ్మ స్వయంగా ఎదురొచ్చేసరికి వాళ్ళు కొంచెం నిరాశపడ్డట్టే కనబడ్డారు.

"ఎవల్ని అడిగి బంద్ చేసినవే నర్సవ్వా? శేటు మాల్ నీ అయ్య వచ్చి నేస్తడా?" అని బాపమ్మ అమ్మ మీద అరిచింది. మగ్గాలు ఆగినా ఆమె గొంతు ఆగలేదు కాబట్టి ఆ మాట వీధి చివరిదాకా వినపడింది.

అమ్మ అరవలేదు. ఆ నిశ్శబ్దంలో అరవాల్సిన అవసరం లేకపోయింది. "అత్తమ్మా, మొన్న నాలుగు వేళ్ళు నేసింది. నిన్న జానెడు నేసింది. ఇయ్యాల తొడకు పోతది. నిశాన్లు నీకు చదవొస్తయి గదా. నీ కొడుకు పడుగు ఇంకెంత మిగిలిందో నువ్వే చూసి చెప్పు" అంది.

బాపమ్మ కొడుకు దగ్గరికి పోయి దుప్పటి తీసింది. ఊదా మచ్చలు చూసింది. పుట్టిన దగ్గర్నుంచి పడుగు మీద అవే చూసిన మనిషి. చేతిలో జాజు గిన్నె అలాగే ఉంది. దాన్ని నేల మీద పెట్టి, "హాథ్‌గాడి పిలువుండ్రి లౌకర్, జల్ది" అంది.

చద్దర్ల మూటలు శేటు గోదాముకు తోసుకుపోయే ఆ హాథ్‌గాడి మీద, మూటలు పెట్టే చోట బాపును పడుకోబెట్టి పెద్ద దవాఖానకు తోసుకుపోయారు. అక్కడి డాక్టరు ఆ కాలును అటూ ఇటూ తిప్పి చూశాడు. గ్రీజు, నూలు పొట్టు, జాజు, ఊదా రంగు, ఎవరో పొరుగామె ప్రేమతో పెట్టిన పసుపు, మా పేటలో దొరికే సామాను మొత్తం దాని మీద ఉంది. తర్వాత మరాఠీలో అందరినీ కలిపి తిట్టాడు. ఆలస్యం చేస్తే కాలు కాదు, మనిషే పోతాడన్నాడు. లోపలికి తీసుకుపోయి కోశారు. చీము కక్కించి, చచ్చిన కండ తీసేశారు. వార్డులో పడుకోబెట్టాక డాక్టరు వచ్చి, జేబులోంచి పెన్ను తీసి, తొడ మీద ఎరుపు ఆగిన చోట గీత గీశాడు.

బాపమ్మ ముఖం చూడాలి అప్పుడు. దీపం ముట్టించినట్టు వెలిగిపోయింది. "చూసినవానే నర్సవ్వా? సాబ్ గూడ గీతే గీసిండు! నేను మొదట్నుంచి సర్పి అంటే ఇన్నరా ఎవరన్న?" అని పక్క మంచాల వాళ్ళకూ, వాళ్ళ చుట్టాలకూ, నేల తుడిచే ఆమెకూ చెప్పింది. అంతటితో ఊరుకోలేదు. డాక్టరు తొడ ముందువైపే గీసి వెనక్కి తీసుకుపోలేదని గమనించి, "సాబ్, ఎనుకకు గూడ కలుపుండ్రి. సందు ఇడిస్తే అండ్లకెళ్ళి పోతది" అని తెలుగులోనే సలహా ఇచ్చింది. ఆయనకు భాష అర్థం కాలేదు గానీ చేతి సైగ అర్థమైంది. పొద్దుటి నుంచీ నిలబడి ఉన్న మనిషి, వాదించే ఓపిక లేక, బాపు కాలు ఎత్తి గీతను చుట్టూ కలిపేశాడు. పోతూ పోతూ ఈ గీత ఎవరూ చెరపొద్దని మాత్రం గట్టిగా చెప్పాడు.

అమ్మ ఆ గీత పక్కనే కూర్చుంది. మర్నాడు బాపమ్మ అలవాటుగా తడిగుడ్డ తీసుకుని వంగితే, అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఈ గీత తుడువద్దు అత్తమ్మా. దాటితే దాటిందని తెల్వాలె" అంది. కోడలు అత్త చెయ్యి పట్టుకుని ఆపడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. బాపమ్మ గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఎరుపు గీత దగ్గర ఆగింది. తర్వాత లోపలికి తగ్గింది. బాపు కళ్ళు తెరిచి నన్ను నా పేరుతోనే పిలిచాడు. ఆ వెంటనే మగ్గాలు నడుస్తున్నాయా అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

బాపు బతికాడు, కాలూ మిగిలింది. పిక్క ఉండాల్సిన చోట మాత్రం గుంట మిగిలింది. ఆ కాలితో రెండు మగ్గాల నడుమ రోజంతా నిలబడడం కుదరలేదు. కొన్నాళ్ళకు మగ్గాలు వేరే వాళ్ళకు పోయాయి. బాపు గోడవారగా, వాళ్ళమ్మ పక్కనే ఇంకో రాట్నం వేసుకుని, ముసలివాళ్ళు చేసే కండెల పని చేస్తూ మిగిలిన వయసంతా గడిపాడు. అమ్మ చాట ముందు ఇంకా పొద్దున్నే కూర్చునేది, ఇంకా ఆలస్యంగా లేచేది. ఆ బీడీల మీదే నేను చదువుకున్నాను, ఆ బీడీల మీదే మాకు బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఒక ఇల్లు వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా బాపమ్మ ఒక్కటే కథ చెప్పేది, తను గీత గీయకపోతే కొడుకు దక్కేవాడు కాదని, పెద్ద డాక్టరే తన గీత చూసి నేర్చుకున్నాడని. బాపు తల ఊపేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. బాపమ్మ ఆ కీర్తితోనే, ఏ లోటూ లేకుండా కన్ను మూసింది. నేను మాత్రం ఆ కథను పెళ్ళిళ్ళలో, స్టాఫ్‌రూముల్లో చెప్పి ఎన్నేళ్ళు నవ్వించానో లెక్కలేదు. తడిగుడ్డ దగ్గరికి వచ్చేసరికి అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు.

ఇప్పుడు కాలం మారింది. నీలం నగర్‌లో మా గటార్ మీద బండలు పరిచారు, లోపల ఏ రంగు పారుతోందో కనపడదు. కనపడనిది లేనట్టే కనుక మేమంతా చాలా శుభ్రంగా ఉన్నాం. వాన పడ్డప్పుడు మాత్రం అది బండలు తోసుకుని బయటికి వచ్చి పలకరించి పోతుంది. గల్లీకి నాలుగు మందుల దుకాణాలున్నాయి. గ్రీజు ఎవరూ పూయరు, అందరూ టూత్‌పేస్టే పూస్తారు. దవాఖానలో నా మంచానికి మీట నొక్కితే లేచే తల ఉంది. రెండో రోజు పొద్దున ఒక నర్సు వచ్చింది, మన తెలుగువాళ్ళ అమ్మాయే. స్పిరిట్ దూదితో నా కాలు శుభ్రంగా తుడిచి, డాక్టరు గీసిన గీత అలికినట్టయిందని అది కూడా పూర్తిగా తుడిచేసి, ఇప్పుడు ఎరుపు ఉన్న చోట ముచ్చటగా కొత్త గీత గీసింది. అప్పుడే అమ్మ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, విడీ ఘర్కుల్ నుంచి ఒక్కతే ఆటోలో, చేతిలో జొన్నరొట్టెల డబ్బాతో. పలకరింపు కూడా లేకుండా నా కాలి మీది దుప్పటి ఎత్తింది.

"నిన్నటి గీత ఏది?"

"అది ఖరాబ్ అయింది ఆజీ, తుడిసి మంచిగ కొత్తది గీసిన. చూడు ఎంత బరోబర్ వచ్చిందో" అంది నర్సు.

"మరి ఎరుపు దాటిందా, దాటలేదా?"

"దాటలే ఆజీ. గీత లోపటనే ఉన్నది గదా."

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. "మా అత్తమ్మ మళ్ళ పుట్టింది" అంది అమ్మ, ఆ పిల్లకు వినపడేట్టే. తర్వాత బొడ్డులో దోపుకున్న చిన్న సంచి తీసింది. బీడీలు మానేసి ఎన్నేళ్ళయినా బీడీలకు కట్టే దారం ఉండ ఆ సంచిలో ఉంటుంది. దారం ఒక కొస నా మోకాలి చిప్ప మీద పెట్టి, ఎరుపు మొదలయ్యే చోటి దాకా లాగి, అక్కడ ముడి వేసి, తెంపి తన గాజుకు కట్టుకుంది. రాత్రంతా ఇంటికి పోనని మొండికేసి, నా పక్కనే కుర్చీలో కూర్చుంది. బాపు కాలి పక్కన కూర్చున్నట్టే.

మరుసటి పొద్దున డాక్టరు రాకముందే ఆమె గాజు నుంచి దారం విప్పి మళ్ళీ కొలిచింది. ఎరుపు ముడికి రెండు వేళ్ళు కింద ఉంది. "దిగింది" అని, కళ్ళు తుడుచుకుని, రొట్టె తుంచి నా నోట్లో పెట్టింది. అంత దిగులు దిగిపోయాక మనిషికి మాటలెక్కువవుతాయి. నేను అడిగాను.

"అమ్మా, బాపును బతికించింది నీ నిశాని. బాపమ్మ సచ్చేదాక తన గీత అని చెప్పుకుంది. తుడిసి తుడిసి గీసుకుంట, దాటిందని గూడ తెల్వని మనిషి. నువ్వు ఒక్కసారన్న ఎందుకు చెప్పలే?"

"తెల్వదని ఎవలన్నరు నీకు?" అంది అమ్మ. "గీసేటప్పుడు ఆమె చెయ్యి ఎట్ల వణికేదో నువ్వు చూడలే. ఒక్కడే కొడుకు. దాటిందని పైకి అంటే నిజమైతదని భయం. ఆ భయానికే తుడిసింది. సర్పి అన్నా, గీత అన్నా, అంతా ఆ భయమే. అసొంటి మనిషికి నేనేం చెప్పాలె, నీ గీతతోని నీ కొడుకు పోతుండె అనా?"

ఇన్నేళ్ళు నేను నవ్వించిన చోటు అదే. అమ్మ దారాన్ని వేలికి చుట్టుకుంటూ, నా పాదం వంక చూస్తూ అడిగింది.

"నువ్వు చదువుకున్నదానివి గదా బిడ్డా. చక్కెర ఉన్నదని తెలుసు, బాపు కాలు చూసినవ్. మరి దవాఖానకు రాకుండ టూత్‌పేస్టు ఎందుకు పూసుకున్నవ్?"

డాక్టరు వస్తున్న చప్పుడైంది. నేను దుప్పటి కాలి మీదికి లాక్కున్నాను. అమ్మ దాన్ని మళ్ళీ తీసేసింది.